ఒకే మాయ కవలల గుండె: డాప్లరా, టెయ్ ఇండెక్సా, స్పెకిల్ ట్రాకింగా?

కవలలు అనగానే ఫీటల్ ఎకో (కడుపులోని బిడ్డ గుండెకి చేసే స్కాన్) రాసేస్తాం, తప్పేం లేదు, కానీ గుండె ఆకారం బాగుండటం వేరు, పని బాగా చేయడం వేరు. టిఫాలో (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) నాలుగు గదులూ చక్కగా కనపడ్డ బిడ్డకే కొన్ని వారాల్లో కవాటం లీక్ మొదలవ్వచ్చు, అదీ మాయ (ప్లాసెంటా) ఇద్దరికీ ఒకటే అయితే. ఇద్దరి రక్తనాళాలూ మాయలో కలిసే ఉంటాయి కదా, ఒకళ్ళది ఇంకొకళ్ళకి ఎక్కువ పోతుంటే (టీటీటీఎస్, అంటే ట్విన్ టు ట్విన్ ట్రాన్స్‌ఫ్యూజన్ సిండ్రోమ్ అనేది ఇదే) తీసుకునే బిడ్డకి రక్తమూ ఎక్కువే, దాంతోపాటు బీపీ పెంచే హార్మోన్లూ వచ్చిపడతాయి, గుండె కండ మందమైపోతుంది. ఆ గుండె పని ఎలా ఉందో చూడ్డానికి మూడు దారులున్నాయి.

మామూలు డాప్లర్ (రక్తం పారే తీరు చూపే స్కాన్) ఏ మిషన్లో అయినా ఉంటుంది. డక్టస్ వీనోసస్‌లో (మాయ నుంచి వచ్చే రక్తాన్ని గుండె వైపు పంపే చిన్న నాళం) A-వేవ్ (గుండె పైగది ముడుచుకున్నప్పటి అల) తిరగబడిందా, ట్రైకస్పిడ్ (గుండె కుడివైపు కవాటం) లీక్ ఉందా, ఐదు నిమిషాల పని (పిల్లలు కదలకపోతే, అంటే ఎప్పుడూ కాదు). A-వేవ్ తిరగబడితే క్వింటెరో (టీటీటీఎస్ ఎంత ముదిరిందో చెప్పే స్టేజీల లెక్క) 3వ స్టేజే. చిక్కల్లా అక్కడే, ఇది కనపడేసరికి గుండె అప్పటికే అలిసిపోయి ఉంటుంది.

టెయ్ ఇండెక్స్ ముందే పట్టిస్తుంది. జపాన్‌లో చువా టెయ్ 1995లో పెద్దవాళ్ళ గుండె కోసం తెచ్చిన లెక్క, రెండు కవాటాలూ మూసుకుని ఉండే టైమ్ మొత్తాన్ని రక్తం బయటికి నెట్టే టైమ్‌తో భాగిస్తే వచ్చే అంకె. తీసుకునే బిడ్డలో 1వ స్టేజ్‌లోనే ఇది పెరిగినవాళ్ళున్నారు. కానీ అన్నీ మిల్లీసెకన్లు, కవాటం టక్కుమన్న గీత దగ్గర కర్సర్ కొంచెం అటూ ఇటూ పెట్టినా అంకె మారిపోతుంది, అందుకే ఇవాళ ఒకళ్ళు రేపు ఒకళ్ళు చూస్తే పోల్చుకోవడం దండగ. ఒకే చెయ్యి, ఒకే మిషన్ అయితేనే దీనికి విలువ.

స్పెకిల్ ట్రాకింగ్ చూడ్డానికి భలే ఉంటుంది, రంగురంగుల గీతలూ అవీ. గుండె కండ ఎంత ముడుచుకుంటుందో నేరుగా చెప్తుంది నిజమే, కానీ నిమిషానికి 140 సార్లు కొట్టుకునే గుండెకి ఫ్రేమ్ రేట్ (సెకనుకి తీసే బొమ్మలు) బాగా ఎక్కువ ఉండాలి, పెద్దవాళ్ళకి పెట్టినట్టు ఈసీజీ పెట్టలేం, ఒక బిడ్డ వెనకాల ఇంకో బిడ్డ దాక్కుంటే బొమ్మే సరిగా రాదు, పైగా ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ అంకె ఇంకోదానితో కలవదు. రీసెర్చ్‌కి ఓకే, రోజువారీ నిర్ణయానికి నేనైతే వాడను.

నన్నడిగితే డాప్లరే ముందు, చెయ్యి తిరిగినవాళ్ళుంటే టెయ్ ఇండెక్స్ తోడు. 16వ వారం నుంచి రెండు వారాలకోసారి ఉమ్మనీరు, బిడ్డల మూత్రాశయంతో పాటు ఇవీ చూస్తే, ఒక్కసారి చేయించే ఖరీదైన స్కాన్ కన్నా ఎక్కువే తెలుస్తుంది. ఏ బిడ్డ ఎటువైపు ఉందో ప్రతిసారీ రాయండి బాబూ, లేకపోతే పోయినసారి ఎవరి అంకె ఎవరిదో తెలియక తల పట్టుకోవాలి.

మాయలు రెండుంటే ఇంత హడావిడి అక్కర్లేదు. ఆ సంగతి 11 నుంచి 14 వారాల మధ్య స్కాన్‌లోనే బాగా తెలుస్తుంది, అయినా "కవలలు, ఇద్దరూ బాగున్నారు" అని రాసి మాయ ఒకటో రెండో రాయని రిపోర్టులు మొన్న కూడా వచ్చాయి నా దగ్గరికి, అదీ 22వ వారంలో.