సున్నపురాయి వాగు ట్యాంకుకి 1/10 హెచ్‌పీ చిల్లర్: హైదరాబాద్ ఎండల్లో పనితీరు

సున్నపురాళ్ల మీద పారే వాగులా అమర్చిన అక్వేరియంలో కొండవాగు లోచ్‌లు (రాళ్లని కరుచుకుని బతికే చిన్న చేపలు), నత్తలు పెంచేవాళ్లకి ఇక్కడ ఏప్రిల్, మే నెలలే అసలు పరీక్ష. ఈ కంప్రెసర్ చిల్లర్‌ని (ఫ్రిజ్ లాగా ట్యాంకు నీళ్లని చల్లబరిచే యంత్రం) 100 లీటర్ల ట్యాంకుకి బిగించి ఆ రెండు నెలలూ నడిపాం. హాల్లో 36 డిగ్రీలున్నా నీళ్లు 22 దాటలేదు. ధైర్యంగా కొనొచ్చు, బిగించడంలోనే జాగ్రత్త కావాలి.

చౌకగా వస్తోందని పెల్టియర్ చిల్లర్ (కంప్రెసర్ లేకుండా, కరెంటు పారితే ఒక వైపు చల్లబడే పలకతో పనిచేసేది) జోలికి పోవద్దు. 100 లీటర్లను 30 నుంచి 22కి దించాలంటే దాదాపు 930 వాట్-అవర్ల వేడిని బయటికి లాగాలి. 60 వాట్ల వేడిని బయటికి లాగే పెల్టియర్‌కి, బయటి వేడి చొరబడకపోయినా, 15 గంటలు దాటుతుంది. చల్లదనం ఇంతగా ఎందుకంటే ఆక్సిజన్ కోసం. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర ఏడున్నరే. రాయిని కరుచుకుని ఉండాల్సిన లోచ్ మొప్పలు గబగబా ఆడిస్తూ నీటి అంచుకి ఎగబాకితే ఊపిరి చాలట్లేదని అర్థం.

చిల్లర్‌ని స్టాండు కింది అరలో దాచొద్దు. తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుని ఆగకుండా తిరుగుతుంది. వెనక జానెడు ఖాళీ వదలాలి. నీళ్లు ఫిల్టర్ దాటాకే చిల్లర్‌లోకి వెళ్లాలి, లేదంటే పాచి చేరి ధార తగ్గిపోతుంది.

కాయిల్‌కి సున్నం పడుతుందన్న భయం అక్కర్లేదు. కాల్షియం కార్బొనేట్ చల్లటి నీటిలోనే ఎక్కువ కరుగుతుంది. తెల్లపొర కట్టేది వేడెక్కే పంపు ఇంపెల్లర్‌కి (నీటిని తోసే చిన్న చక్రం), నీళ్లు చిందే గాజు అంచుకి. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయిన చోట కరిగిన సున్నం మళ్లీ గట్టిపడుతుంది. బొర్రా గుహల్లో చుక్కచుక్కకీ జరిగేది ఇదే! నెలకోసారి ఇంపెల్లర్‌ని అరగంట వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది కడిగితే చాలు.

బోరు నీళ్లు గట్టిగా (కరిగిన లవణాలు ఎక్కువగా) ఉన్నాయని వాగు నీళ్లకి బదులు పోసేయకండి, మన ఊరి బోరు నీళ్లు గ్రానైట్ పొరల్లోంచి వచ్చేవి, నైట్రేట్ కూడా ఉండొచ్చు. క్లోరిన్ తీసిన నల్లా నీళ్లు పోసి, ఫిల్టర్‌లో సున్నపురాయి ముక్కలు ఒక సంచిలో వేసి, కేహెచ్ (నీటిలో కరిగిన కార్బొనేట్ల కొలత) 6 నుంచి 8 మధ్య నిలిచేదాకా చుక్కల కిట్‌తో చూసుకోండి. పీహెచ్ 8 దాటితే కొద్దిపాటి అమ్మోనియా కూడా విషమే, మేత తగ్గించి వేయాలి.

కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఎయిర్ పంపు ఉంటే చాలు. కరెంటు వచ్చాక చిల్లర్‌ని మూడు నిమిషాలు ఆగి ఆన్ చేయండి, వెంటనే వేస్తే కంప్రెసర్ మీద భారం పడుతుంది.