కొత్త ఇంగ్లీష్ మాటకు తెలుగు అర్థమా, ఇంగ్లీష్ అర్థమా: ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటూ పగలు ఉద్యోగం, రాత్రి విదేశీ పీజీ చదువుల ప్రవేశ పరీక్ష జీఆర్ఈ అంటూ నెట్టుకొస్తున్న మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. మాటలు గుర్తుపెట్టుకోవడానికి రాసుకునే కార్డు వెనక అర్థం తెలుగులో రాసుకోవాలా, ఇంగ్లీష్‌లోనా? లేక లాటిన్, గ్రీకు మూలాలు పట్టుకుంటే చాలా? తెలుగును దగ్గరికి రానివ్వొద్దని కోచింగుల్లో గట్టిగా చెప్తారు. ఆ మాటలో నిజం సగమే.

తేల్చాల్సింది ఏ భాష అన్నది కాదు. ఆ మాట మెచ్చుకోలా, తిట్టా? మాట రంగు ఏ పద్ధతిలో చేతికొస్తే అదే మేలు. 2023 సెప్టెంబరు 22 నుంచి జీఆర్ఈలో వెర్బల్ అనే ఇంగ్లీష్ విభాగాన్ని 27 ప్రశ్నలకు, 41 నిమిషాలకు కుదించారు. అందులో సెంటెన్స్ ఈక్వివలెన్స్ అనే రకం ప్రశ్నల్లో వాక్యంలోని ఖాళీకి ఒకే అర్థం ఇచ్చే రెండు మాటలను ఆరింటిలోంచి ఎంచాలి, ఒక్కటి తప్పినా మార్కు లేదు. అక్కడ దెబ్బ తినేది అర్థం తెలియక కాదు, రంగు తెలియక.

ఒబ్సీక్వియస్ తీసుకోండి. ‘వినయం గల’ అని రాసుకున్నవాడు దాన్ని పొగడ్త అనుకుంటాడు, వాక్యం తలకిందులవుతుంది. అదే ‘అతివినయం ధూర్త లక్షణం’ అన్న మన సామెతలోని అతివినయం అని రాసుకుంటే ఇక మరిచిపోయే పనే లేదు. టాసిటర్న్ ఇంకా మోసం చేస్తుంది. మితభాషి అని రాస్తే తెలుగులో అది గౌరవం. ఇంగ్లీష్ మాటలో మాత్రం కాస్త ముడుచుకుపోయిన ఛాయ ఉంది. ‘ముభావంగా ఉండే మనిషి’ అంటే సరిపోతుంది. అంటే తెలుగు అర్థం చెడ్డది కాదు, నిఘంటువులోంచి దించిన ఒంటిమాట అర్థం చెడ్డది. ఇంట్లో అమ్మమ్మ వాడే పలుకుబడిలో రాస్తే రంగు దానంతటదే వస్తుంది. ఫ్రూగల్‌కి పొదుపరి, పార్సిమోనియస్‌కి పిసినారి. ఈ తేడా చెప్పడానికి ఇంగ్లీష్ నిర్వచనానికి ఒక వాక్యం కావాలి, మనకు ఒక్క మాట చాలు.

ఇంగ్లీష్ అర్థానికీ బలం ఉంది. ప్రివారికేట్, ఈక్వివొకేట్, ప్రొక్రాస్టినేట్ మూడింటికీ ‘నాన్చడం’ అని రాసేస్తే గల్లంతే. మొదటిది సూటిగా చెప్పకుండా మాట దాటవేయడం, రెండోది రెండు రకాలుగా పట్టేలా మాట్లాడటం, మూడోది పని వాయిదా వేయడం. ఈ సన్న గీతలు ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ల కోసం తేలిక మాటల్లో రాసిన లెర్నర్స్ డిక్షనరీలో తేటగా కనబడతాయి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు రెండు వేల తేలిక మాటలతోనే అర్థాలన్నీ చెప్పింది. కానీ ఫోన్‌లో దొరికే పొట్టి అర్థాలతో పని జరగదు. ఆబ్డ్యురేట్ అంటే ఆబ్స్టినేట్, ఆబ్స్టినేట్ అంటే స్టబర్న్ అని గుండ్రంగా తిప్పుతాయి. ‘మొండి’ అన్న ఒక్క మాట దగ్గర ఆ తిరుగుడు ఆగుతుంది.

మూలాల దారిలో తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన లాభం ఒకటుంది. సంస్కృతం, లాటిన్, గ్రీకు ఒకే మూలభాష నుంచి వచ్చి ఉండాలని సంస్కృతం నేర్చిన ఇంగ్లీష్ జడ్జి విలియం జోన్స్ కలకత్తాలో 1786లో చెప్పాడు. తెలుగులో కలిసిపోయిన సంస్కృత మాటల వల్ల ఆ చుట్టరికం రోజూ మన నోట్లోనే ఉంది. ఇగ్నైట్‌లో అగ్ని, మోరిబండ్‌లో మృత్యువు, ఆగ్నోస్టిక్‌లో అజ్ఞానం, ప్రోజెనీలో జననం. కొత్త మాట ఎదురైనప్పుడు ఇలా ఊహించడానికి ఇది బాగా పనికొస్తుంది. దీన్నే నమ్ముకోవడం మాత్రం ప్రమాదం. సాంగ్విన్‌కి మూలం నెత్తురు, ఇప్పటి అర్థం ఆశాభావం. నెత్తురు అర్థం సాంగ్వినరీకి మిగిలింది. మూలం చూడకుండా చెవిని నమ్మితే ఇంకా మోసం. బెంగళూరులో హోటల్ బోర్డు మీద ‘ఊట’ అంటే కన్నడంలో భోజనం, మనకు నేలలోంచి ఉబికే నీరు. నాయిసమ్‌కీ నాయిస్‌కీ ఉన్న సంబంధం అంతే: అది కంపు, శబ్దం కాదు. ఎనర్వేట్ ఎనర్జీకి చుట్టం కాదు, నరాలు లాగేసినట్టు నీరసపరచడం. మే నెలలో చెన్నై ఉక్కపోతకు సరిగ్గా సరిపోయే మాట.

రోజుకో మాట పంపే యాప్‌లు, బొమ్మల కార్డులు, ప్రాసతో గుర్తుపెట్టుకునే చిట్కాలు ఉన్నాయి. మొండికేసిన పది మాటలకు వాడుకోండి, చాలు. పేపర్ చదవడం మంచిదే, కానీ కావలసిన మాట మరిచిపోయేలోపు మళ్లీ ఎదురవుతుందన్న హామీ లేదు.

నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది: తెలుగు పలుకుబడి, దానికి తోడు ఇంగ్లీష్ వాక్యం. కార్డు ముందువైపు ఖాళీ వదిలిన ఇంగ్లీష్ వాక్యం ఒకటి రాసి, కింద తెలుగులో సూచన ఇవ్వండి. ప్రివారికేట్‌కైతే డబ్బు లెక్క అడిగినప్పుడు కోశాధికారి ఏం చేశాడో చెప్పే వాక్యం, కింద ‘సూటిగా చెప్పక మాట దాటవేశాడు’. వెనకవైపు మాట, పక్కన మెచ్చుకోలుకు ప్లస్ లేదా తిట్టుకు మైనస్, దానితో జత కట్టే మరో ఇంగ్లీష్ మాట ఒకటి. మాట చూసి అర్థం చెప్పడం కాదు, ఖాళీ చూసి మాట నోటికి రావాలి. చదివేటప్పుడు పోల్చుకున్న మాట మీటింగులో నాలుక మీదికి రాకపోవడానికి కారణం ఈ తేడానే.

లెక్క కూడా చూసుకోండి. మరిచిపోయేలోపు కార్డులను మళ్లీ చూపించే యాప్ అంకీ మొదట్లో రోజుకు 20 కొత్త కార్డులు ఇస్తుంది. ఉద్యోగం చేసేవాళ్లకు అది ఎక్కువ. మూడు వారాలకు రోజువారీ రివ్యూలు, అంటే మళ్లీ చూడాల్సిన పాత కార్డులు, వంద దాటడం మామూలే, అక్కడే చాలామంది వదిలేస్తారు. సెట్టింగ్ పదికి దించండి. వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా మెట్రోలో ఆ రోజు రివ్యూలు అయిపోతాయి. రెండు రోజులు తప్పితే బాకీ తీరేదాకా కొత్తవి ఆపండి. మరిచిపోయిన కార్డుకు హార్డ్ బటన్ నొక్కకండి. యాప్ దాన్ని గుర్తున్నట్టే లెక్కేసి గడువు పెంచుతుంది. నొక్కాల్సింది అగెయిన్.

లొక్వేషియస్, గ్యారులస్, వాల్యుబుల్ (voluble) మూడూ వాగుడుకు సంబంధించినవే కదా అని ఒకే రోజు మొదలుపెట్టొద్దు, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకటి కుదిరాక వారం ఆగి రెండోది ఎత్తుకోండి. ఎనిమిదిసార్లు తప్పిన కార్డును అంకీ లీచ్, అంటే జలగ, అని గుర్తు పెడుతుంది. అప్పుడు మళ్లీ బట్టీ పట్టొద్దు, తెలుగు సూచన మార్చి రాయండి.