పన్ను కట్టించేది భయమా, పక్కవాడా?

పన్ను ఎగవేతకు మొదటి వివరణ లెక్కలది. 1972లో ఆర్థికవేత్తలు అల్లింగ్‌హామ్, శాండ్మో ఇచ్చిన నమూనాలో మనిషి బేరీజు వేసేది ప్రధానంగా రెండే: దొరికే అవకాశమెంత, దొరికితే జరిమానా ఎంత. కాబట్టి రెండూ పెంచమంటుంది.

మనిషి నిర్ణయాలను మనస్తత్వం వైపునుంచి చూసే ప్రవర్తనా ఆర్థికశాస్త్రం ప్రశ్ననే తిరగేస్తుంది: తనిఖీలు ఇంత అరుదైనా ఇంతమంది ఎందుకు కడుతున్నారు? నాకు ఇదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. బ్రిటన్‌లో బకాయిదారుల ఉత్తరాల్లో, పదిమందిలో తొమ్మిదిమంది గడువులోగా కడుతున్నారనీ మీరు ఆ కొద్దిమందిలో ఉన్నారనీ చేర్చి చూశారు. చట్టం, జరిమానా ఏవీ మారలేదు. కట్టినవాళ్లు మాత్రం పెరిగారు. నలుగురిలో వేరుపడటం మనిషికి అంత కష్టం.

ఇంకొకటి, నష్టభయం. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో చెప్పినట్టు, వచ్చే వంద కంటే పోయే వందే మనసుకు బరువు. అందుకే మొత్తం పన్ను ఒకటే అయినా, రిఫండ్ రావలసినవాడి కంటే చివర్లో చేతినుంచి కట్టవలసినవాడికే లెక్క దాచాలన్న ఆశ ఎక్కువ పుడుతుంది. నెలనెలా ముందే కోత పడితే ఆ నొప్పి అంతగా తెలియదు.

అలాగని మొదటి వాదాన్ని కొట్టిపారేయలేం. డెన్మార్క్‌లో సుమారు 40 వేలమందిపై జరిగి, 2011లో వెలువడిన పరిశోధనలో, యజమానో బ్యాంకో నేరుగా పన్నుశాఖకు తెలిపే ఆదాయంలో ఎగవేత దాదాపు సున్నా; అక్కడ దాస్తే దొరికిపోతారు కాబట్టి. ఎవరికి వారు చెప్పుకునే ఆదాయంలోనే అది బాగా కనిపించింది. ఆలస్యం చేసేవాణ్ణి ఉత్తరం కదిలిస్తుందని నమ్ముతాను. ఆదాయాన్నే దాచినవాడి దగ్గర మాత్రం రెండోచోట నమోదైన లెక్కే పనిచేస్తుంది.