వైజాగ్ నుంచి గౌరీపట్నం: రెండు లావాల నడుమ సున్నపురాయి

వైజాగ్‌లో సున్నపురాయి మాటెత్తితే అందరూ బొర్రా గుహలకే పంపుతారు. చూడదగ్గవే. కానీ అక్కడి రాయి వేడికి, ఒత్తిడికి రూపు మారిపోయినది. శిలాజాలు ఉండవు, యుగాల హద్దూ తెలియదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ ముగిసిన జాడ కావాలంటే రాజమండ్రిలో గోదావరి దాటి, దేవరపల్లి దగ్గరున్న గౌరీపట్నం క్వారీలకు వెళ్లాలి.

అక్కడ కింద ఒక లావా, పైన మరో లావా, మధ్యలో సున్నపురాయి, బంకరాతి పొరలు. ఈ నడిమి పొరల అడుగునే క్రెటేషియస్ తర్వాత వెంటనే వచ్చిన డేనియన్ కాలపు తొలినాళ్ల ఫోరామినిఫెరా (సముద్రపు ఏకకణ జీవుల సూక్ష్మ గుల్లలు) దొరికాయని, అంటే కింది లావా ఆ రెండు కాలాల హద్దుకు దగ్గర్లోనే ఆగిపోయిందని 2008లో భూవిజ్ఞాని గెర్టా కెల్లర్ బృందం చూపింది. అయితే హద్దును చూపే నల్లటి చార ఏదో కనిపిస్తుందని వెళ్తే నిరాశే. ఆ గుల్లలు మైక్రోస్కోపుకే అందుతాయి. 10 రెట్ల భూతద్దంతో నత్త, ఆల్చిప్ప ముక్కలు చూడొచ్చు. మన కళ్లు వెతకాల్సింది కింది లావా పైఅంచు, సున్నపురాయి కలిసే చోటు.

పొరపాట్లు అక్కడే జరుగుతాయి. శిథిలమైన నల్లరాయి, అంటే గట్టిపడిన లావా, ఉల్లిపొరల్లా ఊడి మెత్తబడితే షేల్ (పలకలుగా విడే బంకరాయి) అనుకుంటారు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి బుసబుస పొంగుతుంది. లావా పగుళ్లలో పేరుకున్న కాల్సైట్ అనే సున్నపు ఖనిజం కూడా అలాగే పొంగుతుంది. అందుకే అప్పుడే పగిలిన ముఖం మీద, నాలుగైదు చోట్ల పరీక్షించాలి. క్రషర్ దుమ్ము పొరలను కప్పేస్తుంది కాబట్టి బ్రష్షు, నీళ్ల సీసా తప్పనిసరి.

వైజాగ్ నుంచే క్యాబ్ దండగ: రానూపోనూ 400 కిలోమీటర్లు దాటుతుంది, వెయిటింగ్ చార్జీ, డ్రైవర్ బత్తా వేరు. పొద్దున జన్మభూమి ఎక్కి రాజమండ్రిలో దిగి, అక్కడ కారు పూటకు మాట్లాడుకోవడం మేలు. బస్సులో దేవరపల్లి చేరవచ్చు గానీ క్వారీకీ క్వారీకీ మధ్య తిరగడానికి బండి కావాల్సిందే. రాత్రి బస రాజమండ్రిలోనే పెట్టుకోవాలి. స్టేషన్ దగ్గరి లాడ్జి చాలు, గది చూశాకే డబ్బు కట్టండి. నిర్మలగిరి మేరీమాత ఉత్సవాల రోజుల్లో మాత్రం గౌరీపట్నం వైపు కదలకండి, రోడ్డంతా జనమే.

వానల తర్వాత గుంతల్లో నీరు నిలిచి, కావలసిన అడుగుపొరే మునిగిపోతుంది. జనవరి, ఫిబ్రవరి మంచివి. మేనేజరు అనుమతి, బ్లాస్టింగ్ వేళ తెలుసుకోకుండా లోపలికి దిగొద్దు. హెల్మెట్ ఉన్నా నిలువు గోడ కిందకి వెళ్లొద్దు. నమూనా కావాలంటే సుత్తితో హద్దును కొట్టకుండా, వేస్టు డంపులో ఏరుకోండి.