లివర్ లూజైతే వైరు బిగించాలా, ప్యాడ్లు జరపాలా?

వైరుతో లాగే డిస్క్ బ్రేకులున్న ఎంటీబీ (కొండదారుల సైకిల్) కొన్నవాళ్లు కొన్నాళ్లకు అనే మాట ఒకటే: "మొదట్లో బాగా పట్టేది, ఇప్పుడు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది." చక్రంతో పాటు తిరిగే డిస్కును నొక్కి ఆపేది ప్యాడ్. అది అరిగేకొద్దీ డిస్కుకూ దానికీ మధ్య సందు పెరుగుతుంది. ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకయితే ఆ సందును తనే సర్దుకుంటుంది. వైరు బ్రేకుకు మనం సర్దాలి.

దానికి రెండు దారులున్నాయి. అందరూ చేసేది వైరు బిగించడం. లివర్ దగ్గరో, కాలిపర్ (డిస్కుకు అటూ ఇటూ ప్యాడ్లను పట్టుకుని ఉండే భాగం) దగ్గరో చేత్తో తిప్పే చిన్న మర ఉంటుంది. రెండు చుట్లు తిప్పితే చాలు, లివర్ మళ్లీ పైకొస్తుంది. పానా కూడా అక్కర్లేదు. ఇంకో దారి కాలిపర్ లోపలున్న ప్యాడ్లనే డిస్కు దగ్గరికి జరపడం. దీనికి అలెన్ కీ పట్టుకుని కింద కూర్చోవాలి, కాస్త ఓపికా ఉండాలి.

నేనూ చాలాకాలం మొదటి దారినే నమ్ముకున్నాను. ఒక వానాకాలం వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ దిగుతున్నాను. లివర్ చేతికి గట్టిగానే తగులుతోంది, బండి మాత్రం ఆగడం లేదు. చెప్పుకాళ్లు ఎర్రమట్టిలో రాస్తూ ఎలాగో ఆపాను. ముందురోజే మా వీధి షాపులో "బ్రేకులు టైట్ చేశా సార్" అన్నారు. చేసిన మాట నిజమే. వైరును టైట్ చేశారు.

జరిగిందేమిటంటే, వైరు లాగినప్పుడు కాలిపర్ మీద ఒక చిన్న చెయ్యి లాంటిది తిరుగుతుంది. అది తిరిగితేనే ప్యాడ్ ముందుకొచ్చి డిస్కును నొక్కుతుంది. ఆ చెయ్యి తిరగడానికి ఉన్న చోటు కొంతే. ప్యాడ్ అరిగిన ప్రతిసారీ వైరు బిగిస్తూ పోతే, లివర్ పట్టకముందే ఆ చెయ్యి సగం దూరం తిరిగి కూర్చుంటుంది. ఇంకా బిగిస్తే ఒకరోజు కాలిపర్‌కే తగిలి ఆగిపోతుంది. చేతికి మాత్రం బ్రేక్ గట్టిగా పట్టినట్టే ఉంటుంది. లివర్ లూజుగా ఉంటే మనమే జాగ్రత్తపడి మెల్లగా పోతాం. ఈ దొంగ గట్టిదనం అలా కాదు, దిగుడులో మోసం చేస్తుంది.

అలాగని వైరు మర పనికిరానిదేం కాదు. కొత్త వైరు వేసిన మొదట్లో తొడుగులు సర్దుకుని వైరు వదులవుతుంది, అప్పుడు ఆ మర తిప్పడమే సరైన పని. తేడా కనిపెట్టడం తేలికే. లివర్ వదిలేసి కాలిపర్ చూడండి. చెయ్యి పూర్తిగా వెనక్కి వచ్చి ఉండి వైరు వేలాడుతుంటే వైరుదే లోపం. వైరు తిన్నగా ఉండి కూడా లివర్ లోపలికి పోతుంటే ప్యాడ్లు అరిగినట్టు.

ప్యాడ్ జరపడానికి ముందు చక్రం ఫోర్కులో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోండి. చక్రాన్ని పానా లేకుండా విప్పే క్విక్ రిలీజ్ లివర్ డిస్కు వైపు ఉంటే, తెరిచినా డిస్కుకు తగలనిదై ఉండాలి. 2015లో ట్రెక్ కంపెనీ అమెరికాలోనే దాదాపు 9 లక్షల సైకిళ్లను వెనక్కి పిలిచింది ఈ లివర్ ముందు డిస్కులో చిక్కుకుంటుందనే.

తర్వాత వైరు మరను వెనక్కి తిప్పి, చెయ్యి పూర్తిగా వెనక్కి వచ్చేలా చెయ్యాలి. ఎవిడ్ బీబీ7 లాంటి కాలిపర్లకు రెండు వైపులా ఎర్ర నాబ్‌లుంటాయి, రెండు ప్యాడ్లనూ విడిగా జరపొచ్చు. మన దగ్గర ఎక్కువగా కనిపించే చవక కాలిపర్లలో మర లోపలి ప్యాడ్‌కే, అంటే పుల్లల వైపు ప్యాడ్‌కే ఉంటుంది. అప్పుడు కాలిపర్ పట్టుకునే రెండు బోల్టులు వదులు చేసి, బయటి ప్యాడ్ డిస్కుకు విజిటింగ్ కార్డు మందం దూరంలో ఉండేలా కాలిపర్‌నే చక్రం వైపు నెట్టి బిగించాలి. ఆ తర్వాత లోపలి ప్యాడ్‌ను మరతో అంతే దగ్గరికి తేవాలి. చక్రం తిరుగుతుంటే మాత్రం డిస్కు దగ్గర వేలు పెట్టకండి. ఆ చిల్లుల్లో వేలు కొసలు తెగిపోయిన వాళ్లున్నారు.

ప్యాడ్ అర మిల్లీమీటరుకు దిగితే ఇక జరపడం కాదు, మార్చడమే. నేను ఒక మిల్లీమీటరు దగ్గరే మార్చేస్తాను. అప్పుడు రెజిన్ (జిగురుతో గట్టిపరిచిన) ప్యాడా, మెటల్ ప్యాడా అన్న ప్రశ్న వస్తుంది. మెటల్ వానలో, బురదలో ఎక్కువ కాలం వస్తుంది, వేడికీ తట్టుకుంటుంది, కానీ అరుపు ఎక్కువ. రెజిన్ త్వరగా అరుగుతుంది, చప్పుడు చెయ్యదు. చాలా చవక డిస్కుల మీద రెజిన్ ప్యాడ్లే వాడమని ఇంగ్లీషులో ముద్రించి ఉంటుంది. అది ఉంటే ఇంకో ఆలోచనే లేదు, మెటల్ వేస్తే డిస్కును తినేస్తుంది. షిమానో కంపెనీ డిస్కు కొత్తది 1.8 మి.మీ. ఉంటుంది, 1.5కి వస్తే మార్చాలి.

డిస్కును కిరోసిన్‌తో తుడవడం మన షాపుల్లో మామూలు. అది జిడ్డు మిగులుస్తుంది, ఆ జిడ్డు ప్యాడ్‌కు పడితే పట్టు పోతుంది. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, శుభ్రమైన గుడ్డ చాలు. చైన్‌కు ఆయిల్ స్ప్రే కొట్టేటప్పుడు వెనక డిస్కు మీద పాత బనియన్ కప్పడం మా ఇంట్లో అలవాటు.

అంతా అయ్యాక లివర్ గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకు నెట్టి చూడండి. చక్రం కదలకూడదు, లివర్ హ్యాండిల్‌కు తగలకూడదు. ఇంకొకరిని లివర్ పట్టమని, మీరు వంగి కాలిపర్ చూడండి. పూర్తిగా నొక్కినా ఆ చెయ్యి ముందు ఇంకా ఖాళీ మిగలాలి. కొత్త ప్యాడ్లయితే సమతలం రోడ్డు మీద ఓ ఇరవైసార్లు, చక్రం లాక్ కాకుండా మెల్లగా ఆపుతూ వాటికి పట్టు తెచ్చుకున్నాకే కొండెక్కండి.