వారానికి మూడుసార్లు బ్రాయిలరా, పదిహేను రోజులకోసారి నాటుకోడా?

విశాఖలో ఒకప్పుడు చికెన్ షాపు ముందు జనం కనిపించేది ఆదివారమే. ఇప్పుడు బుధవారం, శుక్రవారం కూడా కనిపిస్తున్నారు. ముక్క లేనిదే ముద్ద దిగని ఇళ్లు ఎక్కువయ్యాయి. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మాంసానికి పెట్టే డబ్బు పెంచక్కర్లేదు, అదే డబ్బుతో తక్కువసార్లు, మంచి మాంసం కొనండి.

"నాటుకోడి రేటు విన్నారా?" అంటారు. నిజమే, బ్రాయిలర్‌కు రెండింతలు దాటే ఉంటుంది. కానీ వారానికి మూడుసార్లు, కిలో చొప్పున అంటే నెలకు పన్నెండు కిలోల బ్రాయిలర్. ఆ డబ్బుకు కిలోన్నర నాటుకోడి నెలకు రెండుసార్లు తెచ్చుకున్నా, చేపలకు, గుడ్లకు ఇంకా మిగులుతుంది.

బ్రాయిలర్ మీద లేనిపోని నిందలు మాత్రం వేయను. హార్మోన్ ఇంజెక్షన్లతో పెంచుతారన్నది అపోహ. ఆరు వారాల్లో రెండు కిలోలు తూగడానికి కారణం ఆ జాతి ఎంపిక, మేత. అసలు ఆలోచించాల్సింది యాంటీబయాటిక్స్ గురించి. మనుషులకు ఇంకే మందూ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడకుండా మన ప్రభుత్వం 2019లో నిషేధించాల్సి వచ్చిందంటే వాడకం ఎంత దూరం వెళ్లిందో చూడండి.

నాటుకోడి అలా కాదు, ఐదారు నెలలు తిరిగి పెరుగుతుంది. కండ గట్టిగా ఉంటుంది, ఎముకలోంచి రసం దిగుతుంది, పులుసుకు ఆ రుచి వేరు. కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్ ఎక్కువ పెట్టాలి, అంతే. చిక్కల్లా అసలుది దొరకడంలోనే. సొనాలి, వనరాజా, గ్రామప్రియ లాంటి సంకరజాతి కోళ్లను కూడా నాటు పేరుతో అమ్మేస్తారు. అవి చెడ్డ కోళ్లు కావు, కానీ నాటు ధర ఇవ్వడం ఎందుకు? కోడిని ప్రాణంతో ఉండగానే చూసి కొనండి. రొమ్ము ఎముక కొసను బొటనవేలితో నొక్కితే లేత కోడికి వంగుతుంది, ముదురు కోడికి గట్టిగా ఉంటుంది. తర్వాత పసుపు రాసి మంట మీద కాల్చి, తోలుతోనే కొట్టించండి. స్కిన్‌లెస్ చేయిస్తే సగం రుచి షాపులోనే వదిలేసినట్టు.

వేటమాంసం, అంటే మేక, గొర్రె మాంసం, నెలకోసారి చాలు. కళ్లముందు వేలాడుతున్న దాన్నుంచే కోయించుకోవాలి. కొవ్వు తెల్లగా, ముక్క లేత ఎరుపులో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది, మేక, గొర్రె మాంసాన్ని "బహుశా కారకం" అంది. కాబట్టి సాసేజ్ ప్యాకెట్‌ను నేను ఈ పోటీలోకే రానివ్వను.

మరి మిగతా రోజులు ప్రొటీన్ ఎలా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కన పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో ఇరవై గ్రాములకు పైనే ఉంటుంది, గుడ్డులో ఆరు. పైగా మనది హార్బర్ ఉన్న ఊరు. కానాగంతలు, నెత్తళ్లు చికెన్ కంటే తక్కువకే దొరికే రోజులు చాలా ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట ఆగినప్పుడు తాజా చేప ప్రియమవుతుంది. ఆ రెండు నెలలు గుడ్లు, ఎండు నెత్తళ్లు ఆదుకుంటాయి.

అందరికీ ఒకే లెక్క మాత్రం వద్దు. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, రక్తం తక్కువున్నవాళ్లకు మాంసంలోని ఐరన్ పప్పులో, ఆకుకూరల్లో ఉన్నదానికంటే బాగా ఒంటబడుతుంది. వాళ్ల కంచంలోంచి ముక్క తీసేయకండి. డబ్బుకు ఇబ్బందైతే బ్రాయిలరే తెచ్చుకోండి, కానీ వారానికి ఒక్కసారి, ముందే కోసి పెట్టినది కాకుండా ఎదురుగా కోయించి.