ఎలుగుపెట్టెలో ఆవకాయ: షేవర్, హంటింగ్‌టన్ లేక్‌ల దగ్గర మూడు రాత్రులు

క్యాంప్‌గ్రౌండ్‌లో ఎలుగులకి అందకుండా తిండి దాచుకునే ఇనప పెట్టె అది. మా అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దీనికి తాళం ఏదే?" అంది. తాళం ఉండదమ్మా, ఎలుగు పంజా దూరని సందులో ఒక కొక్కెం ఉంటుంది, మనం చెయ్యి పెట్టి నొక్కితే తెరుచుకుంటుంది అని చూపించాను. "మరి మనుషులు ఎత్తుకుపోతేనో?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆవకాయ సీసా, నెయ్యి, కొబ్బరినూనె, పిల్లల టూత్‌పేస్ట్, మా ఆయన షేవింగ్ క్రీము, అన్నీ అందులోకే. వాసన వచ్చేది ఏదైనా సరే టెంట్లోనూ ఉండకూడదు, కార్లోనూ ఉండకూడదు. అమ్మ అమృతాంజనం దగ్గర మాత్రం పేచీ వచ్చింది. "సీసా పెడతాను సరే, మోకాలికి రాసుకున్నది ఎక్కడ పెట్టమంటావు?"

అమ్మానాన్నా ఆరు నెలలకి కాలిఫోర్నియాలో మేముండే ఫ్రెమాంట్ వచ్చారు. వచ్చినవాళ్ళని యోసెమిటీ తీసుకెళ్ళడం మా ఊళ్ళో ఆనవాయితీ. నాన్న కిందటిసారే చూసేశారు. ఈసారి ఆయన అడిగింది ఒకటే: "ఇక్కడ జలవిద్యుత్తు ఎక్కడ చేస్తారు?" ఆయన ఉద్యోగమంతా సీలేరు, మోతుగూడెం పవర్‌హౌస్‌లలోనే గడిచింది. నేను పదో తరగతి దాకా ఆ క్వార్టర్స్‌లోనే పెరిగాను. కాబట్టి కొండ, అడవి, డ్యాము మూడూ ఉన్న చోటు వెతికితే ఫ్రెస్నో పైన సియెరా నేషనల్ ఫారెస్ట్‌లో షేవర్ లేక్, దానిపైన హంటింగ్‌టన్ లేక్ దొరికాయి. రెండూ మనుషులు కట్టిన రిజర్వాయర్లే. కింద ఒక రాత్రి, పైన రెండు రాత్రులు అనుకున్నాం.

ఫ్రెమాంట్ నుంచి షేవర్‌కి నాలుగు గంటల పైనే. పచేకో పాస్ మీదుగా లోయలోకి దిగి, ఫ్రెస్నో దాటి, క్లోవిస్‌లో కూరగాయలు, ఐసు కొనుక్కుని 168వ నంబరు రోడ్డెక్కాం. కింద ఎండ కారు తలుపు ముట్టుకోనివ్వలేదు. ప్రేథర్ దాటాక రోడ్డు నిటారుగా పైకి లేస్తుంది. చెవులు మూసుకుపోతాయి, ఎండుగడ్డి పోయి ఓక్ చెట్లు, అవీ పోయి పైన్ చెట్లు వస్తాయి. షేవర్ 5,500 అడుగుల ఎత్తున ఉంది. పెట్రోలు కిందే నింపుకోండి, పైన ధర వేరు.

షేవర్ చుట్టుపక్కలకి వచ్చేసరికి పిల్లలు మాట్లాడడం మానేశారు. కొండవాలు మీద చెట్లన్నీ నల్లటి గుంజల్లా నిలబడి ఉన్నాయి. 2020 సెప్టెంబరు 4న అంటుకున్న క్రీక్ ఫైర్ దాదాపు 3,80,000 ఎకరాలు కాల్చింది. అంతకుముందే కరువూ, బెరడు తొలిచే పురుగూ కలిసి లక్షల పైన్ చెట్లని ఎండబెట్టి ఉంచాయి, అగ్గికి అవే వంటచెరకు అయ్యాయి. మామత్ పూల్ అనే ఇంకో రిజర్వాయర్ దగ్గర క్యాంపింగ్‌కి వచ్చినవాళ్ళు రోడ్డు మూసుకుపోయి చిక్కుకుపోతే, రెండు వందల మందికి పైగా జనాన్ని హెలికాప్టర్లలో తీసుకొచ్చారు. మేం వెళ్ళేముందు నేను చూసుకున్నది వాతావరణం కంటే ముందు నిప్పు ఆంక్షలే. ఎండాకాలం ముదిరాక చలిమంట కూడా వేసుకోనివ్వని రోజులుంటాయి.

షేవర్ ఒడ్డున మేం దిగినది కరెంటు ఉన్న క్యాంప్‌గ్రౌండ్. సైట్ అంటే మనం టెంటు వేసుకునే జాగా. దాని పక్కనే ప్లగ్గు, నాలుగడుగుల్లో నల్లా, వేడినీళ్ళ స్నానాలగది, బట్టలుతుక్కునే మిషన్లు. రైస్ కుక్కర్ ప్లగ్గులో పెట్టి పావుగంటలో అన్నం వండేసింది అమ్మ. "ఇదేమన్నా అడవా, మన సత్రం కన్నా నయం" అంది. నిజమే, సత్రంలాగే ఉంది. ఇటు పక్క పెద్ద ఆర్‌వీ, అంటే ఇల్లులాంటి బండి, అటు పక్క ఇంకా పెద్ద ఆర్‌వీ, మధ్యలో మా టెంటు. ఒకరు రంగు దీపాల తోరణం కట్టారు, ఇంకొకరు టీవీ బయటే పెట్టారు. రాత్రి పదింటికి నిశ్శబ్దం పాటించాలన్నారు, పాటించారు కూడా. కానీ పది దాకా అది పుష్కరాల రేవే.

టెంటు గురించి ఒక మాట చెప్పాలి. ఎనిమిదిమంది పట్టే టెంటు అద్దెకి తెచ్చాం. విప్పితే ఒక రాడ్డు లేదు. మా ఆయన రెండు చిన్న రాడ్లకి టేపు చుట్టి, పక్క ఆర్‌వీ ఆయన ఇచ్చిన చీపురుకర్రతో నిలబెట్టాడు. మూడు రాత్రులూ ఆ చీపురుకర్ర మీదే బతికాం. అద్దెకి తెచ్చిన టెంటు ఇంటి పెరట్లో ఒకసారి వేసి చూడకుండా బయల్దేరకండి. అద్దె షాపువాళ్ళు తర్వాత "సారీ" అని పది డాలర్లు తగ్గించారు, అది వేరే కథ.

మర్నాడు ఇంకో ఇరవై మైళ్ళు పైకి. హంటింగ్‌టన్ ఏడు వేల అడుగులకి దగ్గర. నాలుగైదు మైళ్ళ పొడవు, అర మైలు వెడల్పు, చుట్టూ అడవి. ఈ ఒడ్డున ఫారెస్ట్ సర్వీస్ క్యాంప్‌గ్రౌండ్‌లు అరడజను దాకా ఉన్నాయి. recreation డాట్ గవ్ వెబ్‌సైట్‌లో బుకింగ్ ఆరు నెలల ముందే తెరుస్తారు. జులై శని ఆదివారాలు కావాలంటే ఆ రోజు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. మాకు మంగళ, బుధవారాలు తేలిగ్గా దొరికాయి.

ఇక్కడ కరెంటు లేదు. స్నానాలగది లేదు. మా ఫోన్లలో సిగ్నల్ లేదు. ఒక బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనప చట్రం, ఎలుగుపెట్టె, కాస్త దూరంలో మంచినీళ్ళ కుళాయి. అంతే. కానీ సైటుకీ సైటుకీ మధ్య ముగ్గురు చేతులు పట్టుకున్నా చుట్టుకోలేనంత లావు చెట్లు. మా పెద్దది ఒక జెఫ్రీ పైన్ బెరడుకి ముక్కు ఆనించి "వెనిలా!" అని అరిచింది. అందరం వరసగా వాసన చూశాం. అమ్మ మాత్రం రెండుసార్లు పీల్చి "వెనిలా కాదు, పాలకోవా" అని తేల్చింది.

పాలకోవా వాసన దగ్గరే అమ్మ ప్రశంసలు ఆగిపోయాయి. కారణం టాయిలెట్లు. కాంక్రీటు గది, కింద లోతైన గుంత, నీళ్ళు రావు. శుభ్రంగానే ఉన్నాయి, కాగితం కూడా ఉంది, కానీ మధ్యాహ్నం ఎండకి లోపల రెండు నిమిషాలు నిలబడడం కష్టం. పైగా రాత్రి టార్చి పట్టుకుని నూట యాభై అడుగులు నడవాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు మ్యాపులో టాయిలెట్ ఎక్కడుందో చూసి సైట్ ఎంచుకోవాలి. మేం లేక్ ఎంత దగ్గరో చూశాం, అది మా తెలివి.

రెండో దెబ్బ అన్నం. గ్యాస్ స్టవ్ మీద మూతపెట్టి గిన్నెలో వండితే అరగంటకి కూడా పలుకు పోలేదు. పైన మెత్తగా, లోపల సున్నపురాయి. నాన్న గిన్నెలోకి చూసి, "ఈ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరిగిపోతాయే. నువ్వు ఎంత మంట పెట్టినా అంతకు మించి ఎక్కదు" అన్నారు. ఇంజనీరింగ్ చదివిన నేనూ, మా ఆయనా మొహాలు చూసుకున్నాం. అప్పుడు అమ్మ ఏమీ మాట్లాడకుండా దుప్పట్ల సంచీ విప్పి మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ తీసింది. బరువని మా ఆయన ఇంటి దగ్గర కారులోంచి తీసి పక్కన పెట్టిన కుక్కరే అది. నాలుగు విజిల్స్. మొదటి విజిల్‌కే పక్క సైట్ పిల్లలు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. వాళ్ళకీ తలా ఒక ముద్ద పెడితే ఒకడు నీళ్ళ సీసా పట్టుకుని పారిపోయాడు, వాడి అక్క మాత్రం రెండో ముద్ద అడిగింది.

సాయంత్రం క్యాంప్ హోస్ట్ వచ్చాడు. ఎండాకాలమంతా అక్కడే ట్రెయిలర్‌లో ఉండే పెద్దాయన. కట్టెల మోపులు అమ్ముతాడు, అందరి బల్లల మీదా ఓ చూపు వేస్తాడు. కట్టెలు ఇంటి నుంచి తేకండి, వాటిలో పురుగు కొత్త అడవికి వస్తుంది. ఎలుగు రెండు రోజుల క్రితం వచ్చింది, కనిపిస్తే గిన్నెలు గట్టిగా వాయించండి, పరుగెత్తకండి అన్నాడు. నేను తెలుగులో చెబితే అమ్మ నవ్వింది. సీలేరులో ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారుజామున బయటికి వెళ్ళాలంటే మాకు భయం. మన ఎలుగు ఎదురుపడితే మొహం మీదికే వస్తుంది. ఇక్కడివి బ్లాక్ బేర్స్, పేరుకి నలుపేగానీ గోధుమరంగువి కూడా ఉంటాయి. వీటికి మనిషి కంటే మనిషి కూలర్ మీద మోజు.

రాత్రి రెండు దాటాక గిన్నెల మోత వినిపించింది. అందరం లేచి కూర్చున్నాం. నాన్న చీపురుకర్ర వైపు చూశారు. దాన్ని తీస్తే టెంటు మీద పడుతుందని మా ఆయన ఆపాడు. ఐదు నిమిషాల్లో సద్దుమణిగింది. తెల్లారి చూస్తే మూడు సైట్ల అవతల ఒక కూలర్ బోర్లాపడి ఉంది, మూత మీద బురద పంజా గుర్తు, చుట్టూ చీజ్ కవర్లు. కూలర్‌ని బల్ల కింద వదిలేసి పడుకున్నారట. అమ్మ వెళ్ళి మా పెట్టె కొక్కెం లాగి చూసి, ఆవకాయ సీసా ఉందో లేదో చూసుకుని వచ్చింది. తాళం మాట మళ్ళీ ఎత్తలేదు.

చలి సంగతి: జులైలో కూడా తెల్లవారుజాము నాలుగైదు డిగ్రీలు. మంకీ క్యాపుల్ని చూసి నవ్విన పిల్లలు రెండో రాత్రి తాతయ్య మంకీ క్యాపు కోసం కొట్టుకున్నారు. పెద్దవాళ్ళకి మడత మంచాలు తీసుకెళ్ళండి, నేల మీంచి లేవడం వాళ్ళ వల్ల కాదు. నాన్నకి బీపీ ఉంది కాబట్టి ముందు షేవర్‌లో ఒక రాత్రి ఆగడం మంచిదైంది. అయినా హంటింగ్‌టన్‌లో మొదటి సాయంత్రం తలనొప్పి అన్నారు, నీళ్ళు బాగా తాగించి పడుకోబెట్టాం.

లేక్ విషయానికొస్తే పొద్దున తొమ్మిదింటి దాకా అద్దం. మధ్యాహ్నం అయ్యేసరికి లోయలోంచి గాలి ఎక్కి వస్తుంది, తెరచాప పడవలవాళ్ళు దాని కోసమే వస్తారు. జులైలో ఇక్కడ తెరచాప పడవల పందేలు కూడా జరుగుతాయి. కయాక్ అద్దెకి తీసుకుంటే పొద్దున్నే తీసుకోండి. మేం ఒంటిగంటకి దిగి, అరగంట తెడ్డు వేసి, ఎక్కడ బయల్దేరామో అక్కడే ఉన్నాం. నీళ్ళు మంచు కరిగినవే, మోకాలు దాటి దిగినవాళ్ళు మా ఇంట్లో మా చిన్నాడొక్కడే. రాంచీరియా ఫాల్స్‌కి మైలు నడక, జలపాతం బాగుంది, దోమలు ఇంకా బాగున్నాయి.

నాన్న మాత్రం రెండు రోజులూ డ్యాము దగ్గరే తిరిగారు. అసలు ఈ సరస్సు 1913లో లాస్ ఏంజలెస్‌కి కరెంటు పంపడానికి కట్టినది, మనం క్యాంపు వేసుకోవడం దాని ఉపఫలం. సామాన్లు చేరవేయడానికి 56 మైళ్ళ రైలుమార్గాన్ని 157 రోజుల్లో వేశారు. తర్వాత కొండల అవతల ఫ్లోరెన్స్ లేక్ నీళ్ళని రాయి తొలిచి 13 మైళ్ళ సొరంగంలో ఇక్కడికి తెచ్చారు. ఇది చదివి వినిపిస్తే నాన్న సొరంగం వ్యాసం ఎంతని అడిగారు.

నాలుగో రోజు తిరుగు దారిలో 168 వదిలేసి బిగ్ క్రీక్ ఊరి మీదుగా దిగాం. ఇరుకు రోడ్డు, మలుపు మీద మలుపు. ఒక మలుపు తిరిగేసరికి నాన్న "ఆపు ఆపు" అన్నారు. కొండ నెత్తి నుంచి ఇనప గొట్టాలు నిటారుగా దిగి ఒక పాత కట్టడంలోకి దూరుతున్నాయి. పెన్‌స్టాకులు. హంటింగ్‌టన్ నీళ్ళు రెండు వేల అడుగులు పడే చోటు అది. నాన్న చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే దిగి కంచె దాకా వెళ్ళారు. తల ఒక పక్కకి వంచి కాసేపు నిలబడ్డారు. మాకు జుమ్మని ఒకే మోత. ఆయనకి అందులో ఏమేం వినిపించాయో. మోతుగూడెంలో రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నా, మోతలో తేడా వస్తే నిద్రలోంచి లేచేవారు.

"ఈ నీళ్ళు ఇక్కడితో అయిపోవురా" అన్నారు మనవడితో. "కింద ఇంకో పవర్‌హౌస్, దాని కింద ఇంకోటి. ఒకే నీళ్ళు." ఇక్కడివాళ్ళు వీటిని ప్రపంచంలోకెల్లా ఎక్కువ కష్టపడే నీళ్ళంటారు. నాన్న ఆ మాటకి ఒప్పుకోలేదు. వేలు మడుస్తూ లెక్క చెప్పారు: జోలాపుట్టులో ఆపిన నీళ్ళు మాచ్‌ఖండ్‌లో, తర్వాత బలిమెలలో ఆగి ఎగువ సీలేరులో, డొంకరాయిలో, ఆఖరికి మోతుగూడెం దగ్గర పొల్లూరులో తిరుగుతాయి. "మనవేం తక్కువ పనిచేశాయి?"

ఇంటికొచ్చాక ఓట్లు వేశాం. పిల్లలూ, నాన్నా హంటింగ్‌టన్. అమ్మ షేవర్, ఇంకో మాట లేదు. మా ఆయన కూడా నోటితో హంటింగ్‌టన్ అన్నాడుగానీ వేడినీళ్ళ స్నానం మాట రెండుసార్లు ఎత్తాడు. నన్నడిగితే చంటిపిల్లలు, మొదటిసారి క్యాంపింగ్ చేసేవాళ్ళు, డెబ్బై దాటిన అమ్మలు షేవర్‌లో కరెంటు సైట్ తీసుకుని, పగలు కారులో హంటింగ్‌టన్ చూసి రావడం మేలు, ముప్పావుగంట దారే. రెండింటి అద్దెకీ తేడా ఒక రెస్టారెంట్ భోజనమంత. నేను మాత్రం మళ్ళీ పైనే, టాయిలెట్‌కి దగ్గర సైట్‌లో.

ఆ రోజు కంచె దగ్గర నుంచి నాన్న కారెక్కుతూ, తర్వాతి పవర్‌హౌస్ ఎంత దూరమో చూడమన్నారు. చూస్తే పెద్ద దూరమేం కాదు. మా ఆయన నా వైపు చూసి కారు అటు తిప్పాడు.

"సరే వెళ్దాంగానీ," అంది అమ్మ వెనక సీట్లోంచి, "ముందు నీళ్ళొచ్చే టాయిలెట్ ఎక్కడుందో అక్కడ ఆపండి బాబూ."